మందు కొట్టని వీధి ఎవరిది?

దోమల నివారణ పనిలో ఉన్నానని తెలియగానే ఎవరైనా మొదట అడిగేది "ఇంతకీ ఏ మందు బాగా పనిచేస్తుందండీ?" అనే. ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా రెడీగా ఉండదు. మందు అదే, మోతాదు అదే, ఒక చోట దోమలు గంటలో రాలిపోతాయి, నాలుగు కిలోమీటర్ల అవతల అదే జాతి దోమ ఆ మందు మీదే వాలి, తాపీగా కాళ్ళు దులుపుకుని లేచిపోతుంది. కాబట్టి అడగాల్సింది "మా దోమల మీద ఏది పనిచేస్తుంది" అని. అది డబ్బా మీద రాసి ఉండదు, పరీక్ష చేసి చూసుకోవాల్సిందే. ఆ పరీక్ష కూడా ఎవరికి వాళ్ళు చేసుకుంటే సగం పనే అవుతుంది, చుట్టుపక్కల వాళ్ళంతా కూడబలుక్కుని ఒకే పద్ధతిలో చేస్తేనే లెక్కకి వస్తుందని నా గట్టి అభిప్రాయం. ఈ పోస్టంతా దాని గురించే. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

ముందు ఈ తేడా ఎందుకొస్తుందో చూద్దాం. డీడీటీ పురుగుల్ని చంపుతుందని పాల్ ముల్లర్ కనిపెట్టింది 1939లో, అందుకు ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది 1948లో. 1951 నాటికే గ్రీసులో అనాఫిలిస్ సకరోవి అనే మలేరియా దోమ డీడీటీకి లొంగడం మానేసింది. అప్పటినుంచీ ఇదే కథ, మందు పేరు మారుతూ ఉంటుంది అంతే. ఇప్పుడు ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్లు, అంటే డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ లాంటివి, దోమ నరాల్లో డీడీటీ పట్టుకున్న చోటునే పట్టుకుంటాయి. అక్కడున్న సోడియం ఛానల్‌లో ఒక చిన్న జన్యుమార్పు వస్తే చాలు, రెండింటికీ ఒకేసారి మొండికేస్తుంది. ఇది ఒక దారి. ఇంకో దారి, దోమ ఒంట్లో ఎంజైములు పెరిగి, మందు నరాల దాకా చేరేలోపే దాన్ని ముక్కలు చేసి పారేయడం. పైగా దోమకి ఈ మందులు తగిలేది ఫాగింగ్ రోజున, అంటే బండితో పొగమందు కొట్టిన రోజున మాత్రమే కాదు. పంటల మీద కొట్టేది కూడా చాలాసార్లు ఇదే కుటుంబం మందు, అది నీళ్ళలోకి చేరుతుంది, లార్వాలు ఆ నీళ్ళలోనే పెరుగుతాయి. ఇళ్ళలో వెలిగించే కాయిల్స్, గదిలో కొట్టే స్ప్రేలు, అవీ చాలావరకు పైరెత్రాయిడ్లే. ఎక్కడ ఏది ఎంత వాడారో దాన్నిబట్టి అక్కడి దోమ తయారవుతుంది.

సరే, ఎవరికి వాళ్ళు పరీక్ష చేసుకుంటే నష్టమేంటి? ఒక ఉమ్మడి సమావేశంలో పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాల దోమల నివారణ విభాగాలు ఒకే మందుకి పూర్తిగా వేరు ఫలితాలు పట్టుకొచ్చాయి. మీ దోమలు మొండివంటే మీ మందు పాతదని చాలాసేపు వాదించుకున్నాక తేలిందేమంటే, ఒకరు లెక్కపెట్టింది గంటలో పడిపోయిన దోమల్ని, రెండోవాళ్ళు లెక్కపెట్టింది మర్నాటికి చచ్చిన దోమల్ని. ఇద్దరి షీట్లలోనూ కాలమ్ పేరు "మరణాలు" అనే ఉంది! ఆ రెండు షీట్లనీ పక్కపక్కన పెట్టి ఎవరేం చేసుకుంటారు చెప్పండి.

పడిపోవడానికీ చావడానికీ మధ్య తేడా చాలా పెద్దది. పైరెత్రాయిడ్ తగిలిన దోమ నిమిషాల్లో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది, చూసేవాళ్ళకి అయిపోయింది అనిపిస్తుంది. మందుకి అలవాటు పడిన దోమైతే కొన్ని గంటల్లో లేచి కూర్చుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గొట్టాల పరీక్షలో రెండు లెక్కలూ విడివిడిగా రాస్తారు. రక్తం తాగని, 3 నుంచి 5 రోజుల వయసున్న ఆడ దోమల్ని ఒక్కో గొట్టానికి 20 నుంచి 25 దాకా వదులుతారు. గొట్టం లోపలి గోడకి మందు పట్టించిన కాగితం చుట్టి ఉంటుంది. సరిగ్గా గంట అవగానే వాటిని మందులేని గొట్టంలోకి మార్చి, పైన చక్కెర నీళ్ళలో ముంచిన దూది పెట్టి, 24 గంటలు వదిలేస్తారు. వయసు, రక్తం, గది వేడి, తేమ, ఇవన్నీ ఎందుకంత పట్టుదలగా చూస్తారంటే వీటిలో ఏది మారినా చావుల లెక్క మారుతుంది. ముసలి దోమ మందుకి తొందరగా పోతుంది, కడుపునిండా రక్తం తాగింది గట్టిగా తట్టుకుంటుంది. బయట పట్టుకొచ్చిన దోమలన్నీ కలగాపులగం కాబట్టే, లార్వాల్ని తెచ్చి పెంచి, పెద్దయ్యాక పరీక్షించడం మేలు.

ఇక ఆ 24 గంటల తర్వాత లెక్కపెట్టేటప్పుడు చూడాలి తమాషా. కాళ్ళు రెండు ఊడిపోయి, ఒక పక్కకి ఒరిగి, గొట్టం అడుగున గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది ఒక దోమ. అది బతికున్నట్టా, పోయినట్టా? నియమం స్పష్టంగానే ఉంది: ఎగరగలిగితే ఎన్ని కాళ్ళు మిగిలాయన్నది అనవసరం, బతికినట్టే లెక్క. నిలబడలేక, అదుపుగా ఎగరలేక పోతే చచ్చినట్టే లెక్క. కాగితం మీద చదివితే తేలికే, గొట్టం చేతిలో పట్టుకున్నప్పుడు మాత్రం ప్రతి ఒక్కరికీ ఏదో ఒక దోమ దగ్గర మనసు ఊగుతుంది. వేళ్ళతో గొట్టాన్ని మెల్లగా తడితే కొన్ని ఉలిక్కిపడి లేస్తాయి, కొన్ని అక్కడే ఒణుకుతాయి. ఒకే గొట్టాన్ని ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకుండా లెక్కపెట్టాలని మేం పట్టుబట్టేది అందుకే. వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళని మొదట ఒక్క చోట కూర్చోబెట్టి, ఇలాంటి అటూఇటూ కాని దోమల్నే చూపించి లెక్క పెట్టించడం, నా దృష్టిలో ఉమ్మడి పరీక్ష మొత్తంలో అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని.

ఫలితాన్ని ఎలా చదవాలో కూడా చెప్పేస్తాను. 98 శాతం, ఆపైన చస్తే ఆ దోమలు ఆ మందుకి లొంగుతున్నట్టు. 90 శాతం కన్నా తక్కువ చస్తే అవి మొండికేసినట్టే. మధ్యలో ఉంటే అనుమానం, మళ్ళీ చేసి చూడాలి. అయితే ఇక్కడ వాడే మోతాదు వేరు, బయట కొట్టే మోతాదు వేరు. మందుకి అలవాటు పడని దోమల్ని ల్యాబులో పెట్టుకుని, దాదాపు అన్నీ చచ్చే మోతాదుకి రెట్టింపు తీసుకుని గీత గీస్తారు. అందుకే డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టికైతే రాక్‌ఫెల్లర్ అనీ, మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియేకైతే కిసుము అనీ తరతరాలుగా ల్యాబుల్లో పెంచుతున్న సాధు దోమల వంశాలు ఉంటాయి. ఉమ్మడి పరీక్షలో ప్రతి చోటా పక్కన ఒక గొట్టంలో ఈ సాధు దోమల్ని కూడా పెట్టాలి. అవే చావకపోతే తప్పు మీ దోమలది కాదు, కాగితం మీది మందే పాడయ్యిందని అర్థం.

ఇప్పటిదాకా చెప్పింది ల్యాబు సంగతి. అసలు తలనొప్పి బయటికి వచ్చాకే మొదలవుతుంది, దాని పేరు కంట్రోల్. మందు తగలని గొట్టం, మందు వేయని తొట్టి, మందు కొట్టని వీధి. గొట్టం దగ్గర దీని గురించి ఎవరూ గొడవపడరు. మందులేని గొట్టంలోనూ కొన్ని దోమలు వాటంతట అవే పోతాయి కాబట్టి, ఆ మేరకు లెక్క సవరించాలి. 1925లో అబ్బట్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన చిన్న సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. కంట్రోల్‌లో 5 నుంచి 20 శాతం మధ్య చస్తే సవరించుకోవచ్చు, అంతకుమించితే ఆ పరీక్షని పక్కన పడేసి మళ్ళీ మొదలెట్టాలి.

వీధికి వచ్చేసరికి కథ మారిపోతుంది. ఊరికే ఒక లెక్క చూడండి. మీరు మందు కొట్టిన చోట ముందు దోమల్ని పట్టే ఒక్కో ట్రాప్‌కి 40 దోమలు పడేవి, కొట్టాక 10 పడ్డాయి అనుకుందాం. 75 శాతం తగ్గిందని బ్యానర్ కట్టొచ్చు. కానీ అదే వారం మందు కొట్టని చోట కూడా 40 నుంచి 20కి పడిపోయాయి అనుకోండి, ఎండ ముదిరి నీళ్ళు ఎండిపోయాయో, పెద్ద వాన వచ్చి లార్వాలన్నీ కొట్టుకుపోయాయో. అప్పుడు ఏ మందూ లేకపోయినా మీ దగ్గర 20కి రావాల్సిందే, మందు చేసిన పని 20ని 10 చేయడం, అంటే 50 శాతమే. ముల్లా అనే శాస్త్రవేత్త బృందం 1971లో ఇచ్చిన సూత్రం సరిగ్గా ఈ పనే చేస్తుంది. కంట్రోల్ లేకుండా "ముందు, తర్వాత" అని చూపించే ఏ గ్రాఫునీ నేను నమ్మను. వానకి దక్కాల్సిన పేరు మందు కొట్టేసిన గ్రాఫులు బోలెడు చూశాను.

మరి ఆ మందు కొట్టని వీధి ఎవరిది కావాలి? సమావేశంలో అందరూ కంట్రోల్ ఉండాల్సిందే అంటారు, మా వైపు మాత్రం వద్దంటారు. వాళ్ళని తప్పు పట్టలేం. పక్క వీధిలో బండి వచ్చి పొగ కొట్టి వెళ్తుంటే, ఇక్కడి జనం మా పిల్లలు మనుషులు కాదా అని అడుగుతారు, ఆ కోపం న్యాయమైనదే. దీనికి మేం చివరికి ఒప్పుకున్న పద్ధతి చెప్తాను, ఇదే గొప్పదని కాదు. నిలవ నీళ్ళు తీసేయడం, తొట్లు కడిగించడం, మూతలు పెట్టించడం రెండు వైపులా ఒకేలా జరుగుతుంది. తేడా పరీక్షించే మందు ఒక్కటే. ఏ వీధికి ఏది అన్నది చీటీ తీసి నిర్ణయిస్తారు, పెద్దమనుషులు కూర్చుని కాదు. మొదటి విడత కంట్రోల్‌గా ఉన్నవాళ్ళకి రెండో విడతలో మందు, వాళ్ళు వీళ్ళు తారుమారు. అన్నిటికన్నా ముఖ్యం, డెంగీ లాంటి కేసు ఒక్కటి తేలినా అక్కడ పరీక్ష ఆగిపోతుంది, ఏది పనిచేస్తుందని తెలిస్తే అది కొట్టేస్తారు, డేటా పోతే పోయింది. ఈ మాట ముందే రాసి, ఆ వీధివాళ్ళకి చదివి వినిపించాలి. చదివి వినిపించిన చోట సహకారం బాగానే దొరికింది, చెప్పకుండా చేద్దామనుకున్న చోట ట్రాపులు మాయమయ్యాయి.

ఇంకో చిక్కు, దోమకి మన సరిహద్దులు తెలియవు. ఏడిస్ సాధారణంగా పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది, క్యూలెక్స్ అనే ఇంకో రకం దోమ అంతకంటే చాలా దూరం వెళ్తుంది. మందు వీధికీ మందులేని వీధికీ మధ్య ఖాళీ వదలకపోతే అటు దోమ ఇటు వస్తుంది, రెండు లెక్కలూ కలిసిపోయి అసలు మందు పనిచేసిందో లేదో కూడా తేలదు. ఒక్క విభాగం పరిధిలో అంత ఖాళీ దొరకడం కష్టం, పక్క విభాగంతో కలవాల్సి వచ్చేది ముఖ్యంగా ఇక్కడే.

ఫాగింగ్ పరీక్ష గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే జనానికి కనబడేది అదొక్కటే. పొగ దట్టంగా ఉంటే పని బాగా జరిగిందని అందరి నమ్మకం, కానీ పొగ ఎంత కనబడుతోందన్నదానికీ దోమ చావుకీ సంబంధం తక్కువ. గాల్లో ఎగిరే దోమకి తగలాలంటే చుక్క మరీ చిన్నగా ఉండాలి, రమారమి 10 నుంచి 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకన్నా పెద్దవైతే తొందరగా నేల మీద పడిపోతాయి, మరీ చిన్నవైతే గాలితోపాటు దోమ పక్కనుంచి జారిపోతాయి. అందుకే పరీక్షలో జల్లెడ గుడ్డ పంజరాల్లో దోమల్ని పెట్టి, బండి వెళ్ళే దారి నుంచి దగ్గరగా కొన్ని, మధ్యలో కొన్ని, దూరంగా కొన్ని కర్రలకి వేలాడదీస్తారు. పక్కనే చుక్కలు పట్టే గాజు పలకలు పెడతారు. ఒక పంజరాన్ని గాలికి ఎదురు వైపు, మందు చేరని చోట పెడతారు, అది కంట్రోల్. గాలి గంటకి 15 కిలోమీటర్లు దాటితే ఆ పూటకి సర్దుకుని ఇంటికి పోవడమే. మిట్టమధ్యాహ్నం నేల వేడికి గాలి పైకి లేస్తుంది, మందు కూడా దానితో పైకే పోతుంది, కాబట్టి పొద్దున్నే గానీ సాయంత్రం చల్లబడ్డాక గానీ కొట్టాలి. ఆ వేళకి తేనెటీగలు కూడా గూటికి చేరి ఉంటాయి, అదొక లాభం.

ఈ పంజరాల లెక్కని కూడా గుడ్డిగా నమ్మకూడదు. జల్లెడ కొన్ని చుక్కల్ని ఆపేస్తుంది, కాబట్టి అసలు కన్నా తక్కువ చావొచ్చు. ఇంకోపక్క పంజరంలో దోమ పారిపోలేదు, దాక్కోలేదు, కాబట్టి ఎక్కువ కూడా చావొచ్చు. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టి ఎక్కువగా ఇంట్లోనే మంచం కిందా, బట్టల మధ్యా, బీరువా వెనకా కూర్చుంటుంది. అందుకని కొన్ని పంజరాల్ని ఇళ్ళలోపల, సరిగ్గా అలాంటి మూలల్లో పెట్టాలి. రోడ్డు పక్క కర్రకి వేలాడిన పంజరంలో దోమలన్నీ పోయి, అదే ఇంట్లో మంచం కింద పంజరంలోవి హాయిగా ఎగురుతుంటే, ఆ బండి వల్ల ఎంత ఉపయోగమో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఇంటివాళ్ళకే అర్థమవుతుంది. కిటికీలు తెరిచినప్పుడూ మూసినప్పుడూ విడివిడిగా చూడండి, తలుపులు బిడాయించుకుని కూర్చున్న వీధిలో ఫాగింగ్ చేయడం ఎంత దండగో తెలుస్తుంది.

లార్వా మందుల్లో ఇంకో రకం ఉచ్చు ఉంది. టెమిఫాస్ లాంటి రసాయన మందైతే 24 గంటల్లో లెక్క తేలిపోతుంది. బీటీఐ అనే బ్యాక్టీరియా మందు లార్వా తింటేనే పనిచేస్తుంది, లార్వాకీ దోమకీ మధ్య వచ్చే ప్యూపా దశ ఏమీ తినదు, కాబట్టి ఆ తొట్టిలో అప్పటికే ప్యూపాలు ఎక్కువుంటే మర్నాడు దోమలు లేస్తూనే ఉంటాయి, మందు దండగ అని రాసేస్తారు. మురికి నీళ్ళలో దాని పని తగ్గుతుంది కూడా, శుభ్రమైన తొట్టిలో వచ్చిన అంకె మురుగు గుంటకి పనికిరాదు. మెథోప్రీన్ లాంటి ఎదుగుదలని ఆపే మందైతే మరీ విచిత్రం. లార్వాలు మర్నాడు కూడా ఈదుతూనే ఉంటాయి, చివరికి దోమగా మాత్రం లేవవు. దాన్ని 24 గంటలకి లెక్కపెడితే సున్నా వస్తుంది, అసలు చూడాల్సింది ఎన్ని దోమలు పైకి లేచాయన్నది. దోమతెరల్లో వాడే క్లోర్‌ఫెనపైర్ కూడా ఇలాంటిదే, దోమ ఒంట్లోని ఎంజైములే దాన్ని విషంగా మారుస్తాయి, అందుకు టైం పడుతుంది, 72 గంటల దాకా ఆగి చూడాలి. పాత పద్ధతిలో ఒక్క రోజుకే లెక్క మూసేసి ఉంటే మంచి మందుని చేతులారా వదులుకునేవాళ్ళం. టాంజానియా, బెనిన్ దేశాల్లో పెద్ద ఎత్తున పరీక్షలు జరిగాకే, పైరెత్రాయిడ్‌తో పాటు ఈ మందు కలిపిన తెరల్ని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, మొహమాటం వద్దు. చాలాసార్లు మందు ఉచితంగా ఇచ్చేది తయారుచేసేవాళ్ళే. ఇవ్వడం తప్పు కాదు, కాకపోతే సీసాల మీద పేర్లు తీసేసి ఎ, బి, సి అని రాయాలి, ఏది ఏదో తెలిసిన చీటీ లెక్కతో సంబంధం లేని ఒక్కరి దగ్గరే ఉండాలి. ఫలితం ఎలా ఉన్నా బయటపెడతామని మొదటి రోజే అందరూ సంతకం పెట్టాలి. ఈ ఒక్క కాగితం లేకపోతే ఏమవుతుందంటే, బాగా వచ్చినవి అందరికీ తెలుస్తాయి, పనిచేయని మందు కథ ఎవరి సొరుగులో వాళ్ళు దాచుకుంటారు, పక్క విభాగం వచ్చే ఏడు అదే మందు కొని అదే దెబ్బ తింటుంది. బాగా రాని ఫలితం పంచుకోవడానికి అందరికీ టెన్షనే, ఎందుకంటే వెంటనే మరి ఇన్నేళ్ళు ఏం కొట్టారు అని అడుగుతారు. అడగనివ్వండి. పరీక్ష చేశాం కాబట్టే తెలిసింది అని చెప్పుకోవచ్చు, చేయనివాళ్ళకి ఆ మాట కూడా ఉండదు.

మీ దగ్గర మొదలుపెట్టాలనుకుంటే పెద్ద వీధి పరీక్షతో మొదలెట్టకండి. ముందు పక్క విభాగంతో కలిసి ఒకే మందుని ఒకే తరహా గొట్టాలతో చూడండి. గొట్టాల కిట్టు లేకపోతే 250 మిల్లీలీటర్ల గాజు సీసాలకి లోపల మందు పూత వేసి చేసే సీసా పరీక్ష ఉంది, అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ళ పద్ధతి, ఇంకా తేలిక. మొండితనం కనబడితే దోమల్ని ముందు పీబీఓ అనే రసాయనం పూసిన వేరే సీసాలో ఉంచి, ఆ తర్వాత మందు సీసాలోకి మార్చి మళ్ళీ చూడండి. పీబీఓ దోమ ఎంజైముల్ని అణిచేస్తుంది, అప్పుడు చావులు బాగా పెరిగాయంటే మొండితనానికి కారణం ఆ ఎంజైములని తెలుస్తుంది, పెరగకపోతే మందు కుటుంబాన్నే మార్చాలేమో ఆలోచించాలి. అది తేలాక తొట్లు, ఆ తర్వాతే పంజరాలు, వీధులు. షీటులో తేదీ, వేడి, తేమ, గాలి, దోమ జాతి, వయసు, పడిపోయినవి, చచ్చినవి, కంట్రోల్ అన్నీ వేరు వేరు కాలమ్‌లుగా ఉండాలి, అన్ని విభాగాల్లోనూ అదే వరుసలో. "రిమార్కులు" కాలమ్ మాత్రం బాగా వెడల్పుగా పెట్టండి, మధ్యలో గాలి మారిందనీ, ఆ ఇంటివాళ్ళు పొద్దున్నే సొంతంగా స్ప్రే కొట్టుకున్నారనీ, చీమలు పంజరంలోకి దూరాయనీ రాసుకోవాల్సింది అక్కడే, ఒక అంకె మిగతావాటితో పొసగనప్పుడు అందరూ వెతికేది కూడా అదే.